చిన్ననాటి రుచి: లుకానియా సీమ కథ



చిన్ననాడు తిన్న పదార్థపు రుచి వార్ధకమునను మరపునకు రాదు. పెద్దతనమున దానిని మరల వెదకబోయినచో పదార్థము దొరకును గాని రుచి దొరకదు. అమెరికాలోని ఇటలీ సంతతివారి యిండ్లలో ఇట్టి వెదుకులాట తరచుగా జరుగుచుండును. వారు వెదకునది సాసేజి. పంది మాంసమును సన్నగా తరిగి, ఉప్పును సంభారములను చేర్చి, కడిగి శుభ్రపరచిన ప్రేగులో కూరి ముడివైచిన పదార్థమది. మనలో అనేకులకిది భోజ్యము కాదు. నేనును దాని రుచి నెరుగను. అయినను దాని కథలో ఒక జాతి చరిత్రమును, మన దక్షిణదేశపు మిరియపు చరిత్రము కొంతయు ఇమిడియున్నవి. అందువలన దానిని నేడు మీకు విన్నవించుచున్నాను.

ఇటలీ దేశము పటమున బూటు ఆకారమున కనబడును. ఆ బూటు మడమకును వ్రేళ్లకును నడుమ నున్న కొండసీమకు పూర్వము లుకానియా యని పేరు. నేడు బసిలికాత యందురు. క్రీస్తునకు పూర్వము 3వ శతాబ్దమున రోమకులు ఆ సీమను లోబరచుకొనిరి. ఈ వంటను రోమను సైనికులు లుకానియావారివలన నేర్చిరనియు, అందుచేతనే దానికి ‘లుకానిక’ యను పేరు కలిగెననియు క్రీ. పూ. 116లో జన్మించిన వర్రో పండితుడు వ్రాసెను. గెలిచినవాడు ఓడినవానివద్ద వంట నేర్చెనన్న మాట! క్రీ. పూ. 46లో సిసెరో మిత్రునకు వ్రాసిన లేఖలో లుకానికల ప్రస్తావన కలదు. క్రీ. శ. 1వ శతాబ్దపు కవి మార్షియలు ఆ సాసేజియే మాటలాడినట్లు రెండు పాదముల పద్యము చెప్పెను.

అపీకియసు పేర నిలిచిన వంటగ్రంథమున దీనిని చేయు విధము వివరింపబడినది. మిరియములు, జీలకర్ర, సదాపాకు, మరికొన్ని పరిమళపుటాకులు నూరవలెను. చేపలను ఉప్పులో ఊరవేసి తీసిన రసమును చేర్చి, మెత్తగా దంచిన మాంసముతో కలుపవలెను. నూరని మిరియములను, క్రొవ్వును, పైను చెట్టు గింజలను కూడ వేసి, సన్నని ప్రేగులో కూరి పొగలో వ్రేలాడదీయవలెను.

ఇందు మొదటిదిగా చెప్పబడిన మిరియము ఇటలీలో పండునది కాదు. అది మన కేరళ తీరమునుండి ఎర్రసముద్రము మీదుగా పోయినది. క్రీ. శ. 1వ శతాబ్దమున ప్లీనీ యను గ్రంథకర్త, నల్లమిరియములు పౌను 4 దీనారములకు అమ్ముడుపోవుచున్నవని వ్రాసి, అందేమి రుచి యున్నదో యని విసుగుకొనెను. ఈజిప్టు తీరమందలి బెరెనికే రేవున జరిగిన త్రవ్వకములలో, మన దేశపు కుండలో నిలువచేసిన 7.5 కిలోల మిరియములు ఒక దేవాలయమున బయల్పడెను.

ఇక విచిత్రము వినుడు. నేడు లుకానియా సీమవారు తమ సాసేజికి ప్రాణమని చెప్పుకొనునవి సోపుగింజలు. ఆ పాత విధానమున సోపు పేరే లేదు. వారు మక్కువతో వేయు మిరపయు అందు లేదు. ఉండుటకు వీలును లేదు. మిరప 1492 తరువాత అమెరికా ఖండమునుండి తక్కిన ప్రపంచమునకు వచ్చినది. మన ఆవకాయకు కారమిచ్చు మిరపయు అటు వచ్చినదే గదా! తాతలనాటిదని మనము తలచు రుచియు ఒకనాడు క్రొత్తదే. పేరు మాత్రము రెండువేల యేండ్లుగా నిలిచి దేశదేశములు తిరిగినది. ఉత్తర ఇటలీలో అది లుగానెగ, గ్రీసులో లుకానికో, స్పెయినులో లోంగనీస, స్పెయినువారి యేలుబడివలన ఫిలిప్పీను దీవులలోను లోంగనీసయే. పేరు ఒకటేయైనను పాకములు వేరు. మోంజా పట్టణపు లుగానెగలో జున్నుపొడి చేర్చుదురు, సోపు వేయరు.

ఇటలీ రాజ్యము ఏర్పడుట 1861లో జరిగినది. అంతకు ముందువలెనే పిదపను సామాన్యజనులకు తమ ఊరే దేశము. ‘కంపనిలిస్మో’ యని వారి భాషలో ఒక మాట కలదు. ఊరి గుడి గంటగోపురముపై గల అభిమానమని దాని యర్థము. గంట యెంతదూరము వినబడునో అంతవరకే తనవారు. మన పల్లెలలోనివారికి ఈ మాటను విప్పి చెప్పనక్కరలేదు.

1880 మొదలు 1924 వరకు 40 లక్షలకు పైబడిన ఇటలీవారు అమెరికా సంయుక్తరాష్ట్రములకు వలసపోయిరి. వారిలో పెక్కుమంది దక్షిణపు పేదరైతులు. ఇంటివద్ద ఫలాని ఊరివారైనవారు ఓడ దిగగానే ఉత్త ‘ఇటలీవారు’ అయిరి. వారి వంటకును అదే గతి పట్టినది. అమెరికా అంగళ్లలో నేడు దొరకు ‘ఇటాలియన్ సాసేజి’ సాధారణముగా రెండు విధములు: కారము గలది, కారము లేనిది. ఆ పేరుతో అమ్మదలచినచో ఉప్పు, మిరియములు, వానితో సోపుగాని, అనీసుగింజగాని, రెండునుగాని ఉండితీరవలెనని అక్కడి ప్రభుత్వపు నిబంధన. దక్షిణపు పద్ధతియే దేశమున కంతటికి పేరైనది. మోంజానుండి పోయినవాని మనుమడు అంగడిలో ఇటలీ సాసేజి నడిగినచో తన అవ్వ చేతి వంట దొరకదు. అది వాని కంటికి కనబడుచునే యుండి నోటికి పరాయిదగును.

కావున వెదకువాడు దేశము పేరు విడిచి ఊరి పేరు పట్టవలెను. 1892 మొదలు 1954 వరకు వలసవారిని పరిశీలించి దేశములోనికి విడిచిన ఎల్లిసు దీవి ఓడపట్టికలలో, ప్రయాణికుని కడపటి నివాసస్థలము వ్రాసియుండును. ఊరు తెలిసిన పిదప అడుగవలసినవి నాలుగు ప్రశ్నలు. సోపు వేయుదురా? కారము మిరియముదా, మిరపదా? మాంసమును కత్తితో తరుగుదురా, యంత్రమున వేయుదురా? పచ్చిగా వండుదురా, ఆరవేయుదురా? వీనికి సమాధానము లభించినచో సగము వెదుకులాట ముగిసినట్లే.

లుకానియాసీమ యందలి పిచెర్నో యను గ్రామమువారు ఈ పని తామే చేసికొనిరి. సోపు, మిరియము, మిరప మొదలైన తమ పాకవిధానమును వివరముగా గ్రంథస్థము చేసి, 2018లో ‘పిచెర్నో లుకానిక’ యను పేరునకు ఐరోపా సమాఖ్యవలన రక్షణ పొందిరి. వ్రాసిపెట్టుకొన్నవారికి నిలిచినది. వ్రాయనివారి పాకము వారి అవ్వతోనే పోయినది. ఆ అవ్వ పిడికెడనెను, చిటికెడనెను. ఆ పిడికిలి ఎంతదో కొలిచినవాడు లేడు. ఆమె మనుమడు అరువదియేండ్లవాడై అంగడి వెంట అంగడి తిరిగినను ఆ కొలత దొరకదు.

పెద్దలారా! ప్రాచీనమైన రుచి మారకుండ నుండవలెనని నేను చెప్పుట లేదు. అది ఎన్నడును మారకుండ ఉండలేదని చరిత్రము చెప్పుచున్నది. కాని మారినది మారినట్లైనను తెలియవలెను గదా! మీ యింట ఏ పచ్చడికి ఎన్ని పాళ్ల కారమో, ఏ పండుగ వంట ఏ ఊరి కోడలితో మీ యింటికి వచ్చినదో మీకు తెలియును. మీ బిడ్డలకు తెలియకపోవచ్చును. మనుమని చేత ఒక కాగితము తెప్పించి, మీరు చెప్పుచుండగా వానినే వ్రాయుమనుడు. ఊరి పేరు పైన వ్రాయుట మరువవలదు.