డైనమో పోయి ఆల్టర్నేటరు వచ్చిన కథ

రాత్రివేళ కారులో పోవుచుండగా ముందుదీపములు క్రమముగా ఎర్రబారుటయు, హారను గొంతు బొంగురుపోవుటయు, మరునాటి ఉదయము ‘సెల్ఫ్’ కొట్టినచో ఇంజను టక్కుమని ఊరకుండుటయు మనలో పెక్కురకు అనుభవమే. అట్టి సమయమున అందరును బ్యాటరీనే దోషిగా నిర్ణయింతురు, క్రొత్తది కొందురు. వారము తిరుగకమునుపే అదియు దిగిపోవును. బ్యాటరీ గాదెవంటిది. గాదె వట్టిపోయినప్పుడు గాదెకు చిల్లి పడినదా, లేక పొలమే పండుటలేదా అని ముందుగా విచారింపవలెను గదా! కారు విషయమున ఈ విచారణ ఎట్లు పుట్టినదో, ఎట్లు మారినదో కొంచెము చెప్పుకొందము.

అయస్కాంతము చెంత తీగచుట్ట కదలినచో తీగలో విద్యుత్తు పుట్టునని 1831లో మైకేల్ ఫారడే నిరూపించెను. మరుసటి సంవత్సరమే పారిస్ నగరమున పిక్సీ అనునతడు చేతితో త్రిప్పు విద్యుద్యంత్రమును నిర్మించెను. 1859లో ప్లాంటే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సీసపు రేకులను ఆమ్లములో ముంచి, మరల మరల నింపుకొనదగిన బ్యాటరీని కనిపెట్టెను. పొలమును గాదెయు ఇట్లు సిద్ధమైనను, తొలినాటి కార్లకు వానితో అంతగా పని లేకపోయెను. దీపములు కిరోసినుతోనో ఎసిటిలీను వాయువుతోనో వెలిగెడివి. ఇంజనును హ్యాండిలుతో త్రిప్పెడివారు. అది వెనుకకు తన్నినచో మణికట్టు విరిగెడిది.

ఈ బాధను తొలగించినవాడు అమెరికాలోని ఒహాయో రాష్ట్రమునకు చెందిన చార్లెస్ కెటరింగ్. అతడు అంతకు పూర్వము దుకాణములలో డబ్బు లెక్కించు యంత్రములకు చిన్న మోటార్లు అమర్చినవాడు. క్షణకాలము మాత్రమే పనిచేయవలసిన మోటారు చిన్నదైనను పెద్ద బరువు త్రిప్పగలదని అచ్చట గ్రహించెను. 1912 నాటి కాడిలాక్ కారులో అతని సాధనము వెలసినది. ఒకే యంత్రము మొదట మోటారై ఇంజనును త్రిప్పును. ఇంజను నడచిన పిమ్మట తానే డైనమోయై బ్యాటరీని నింపును. నాటినుండియే ‘బ్యాటరీ ఎందుకు నిండుటలేదు?’ అను ప్రశ్న కారుతోపాటు ప్రయాణము చేయుచున్నది.

డైనమోలో పుట్టిన విద్యుత్తు అంతయు తిరుగుచున్న భాగమునుండి కమ్యుటేటరు, కార్బను బ్రష్షుల మీదుగా వెలికి రావలెను. బ్రష్షులు అరగును, కమ్యుటేటరు నల్లబడును. దానిని మిక్కిలి వేగముగా త్రిప్పుటకు వీలులేదు. కనుక ఇంజను మెల్లగా తిరుగునప్పుడు దాని రాబడి దాదాపు శూన్యము. ఊరిలో ఆగి ఆగి నడచు కారునకు వ్యయమే గాని ఆదాయము లేదు. అందుచే నాటి డ్రైవరు అమ్మీటరు ముల్లును కనిపెట్టి చూచెడివాడు. పిమ్మట పెక్కు కార్లలో ఆ ముల్లు స్థానమున ఎర్రని దీపము వచ్చెను. దీని యుక్తి సులభము: దీపమునకు ఒక ప్రక్క బ్యాటరీ, వేరొక ప్రక్క డైనమో. రెండింటి వోల్టేజి సమానమైనచో దీపము ఆరును. తాళము త్రిప్పగనే వెలిగి, ఇంజను నడవగనే ఆరుట ఆరోగ్యలక్షణము. ఆరకున్నచో మొదట బెల్టు చూడవలెను. పాతకార్లు పెక్కింటిలో ఆ బెల్టే ఫ్యానును నీటి పంపును కూడ త్రిప్పును. బెల్టు తెగినప్పుడు ఎర్రదీపమును లెక్కచేయక పోయినవారికి బ్యాటరీయే కాదు, ఇంజనే దక్కదు.

ఆల్టర్నేటరులో ఈ ఏర్పాటు తలక్రిందులైనది. తిరుగునది అయస్కాంతము, దానికి కావలసిన స్వల్పప్రవాహము మాత్రమే బ్రష్షుల మీదుగా పోవును. అసలు రాబడి కదలని తీగచుట్టలలో పుట్టును. అయితే పుట్టునది ఏకాంతర ప్రవాహము. బ్యాటరీకి కావలసినది ఏకముఖ ప్రవాహము. చిన్నవి, చవుకయైనవి అగు సిలికాన్ డయోడులు లభించువరకు ఈ చిక్కు సామాన్యమైన కార్లలో తీరలేదు. 1960 సంవత్సరపు నమూనాగా వచ్చిన క్రిస్లర్ వారి వేలియంట్ కారుతో ఆల్టర్నేటరు ప్రజల కార్లలో ప్రవేశించినది. మన దేశమున మద్రాసులో లూకాస్-టీవీయస్ సంస్థ 1961లో వెలసి వాహనముల విద్యుత్పరికరములను తయారుచేయసాగెను. మన రహదారులపై చిరకాలము తిరిగిన అంబాసడరు కూడ డైనమోతోనే జీవితము ప్రారంభించి, పిమ్మట ఆల్టర్నేటరునకు మారినది.

యంత్రము మారినది గాని చేతివాటము మారలేదు. ఇంజను నడచుచుండగా బ్యాటరీ తీగ ఊడదీసి, ఇంజను ఆగకున్నచో ‘డైనమో బాగున్నది’ అనుట పాత మెకానిక్కుల పరీక్ష. డైనమో దానిని చాలవరకు సహించెడిది. ఆల్టర్నేటరు విషయమున ఆ క్షణమున వోల్టేజి ఒక్కసారిగా ఎగసి డయోడులను, నేటి కార్లలోని కంప్యూటర్లను కాల్చివేయగలదు. బ్యాటరీ తీగలు తారుమారుగా తగిలించినను అంతే. రోగము కనుగొనవలసిన పరీక్షయే రోగకారణమగుట ఎంత విపరీతము!

తగిన పరీక్ష ఇంతకన్న తేలిక. చిన్న వోల్టుమీటరు చాలును. కొన్ని గంటలు విశ్రమించిన 12 వోల్టుల బ్యాటరీ నిండియున్నచో సుమారు 12.6 వోల్టులు చూపును. ఇంజను నడచుచుండగా 13.8 నుండి 14.4 వరకు ఎక్కవలెను. ఎక్కకున్నచో వరుసగా బెల్టు బిగువు, తీగల మొనలు, చాసీకి పోవు ఎర్తు తీగ, అటుపిమ్మట బ్రష్షులు, రెగ్యులేటరు చూడవలెను. 15 దాటినచో రెగ్యులేటరు చెడినదని అనుమానింపవలెను. బ్యాటరీలోని నీరు త్వరలో ఇగిరిపోవును. పగలు బాగుగా నిండి, రాత్రి నిలిపియుంచినప్పుడు దిగిపోవు బ్యాటరీకి లీకగు డయోడు కూడ కారణము కావచ్చును. కంప్యూటరు ఆజ్ఞచే నడచు నేటి కార్లలో ఈ అంకెలు వేళనుబట్టి మారును గనుక తయారీదారుని పుస్తకమును చూచుట మేలు.

రేడియో శ్రోతలకు మరియొక సూచన. కారు రేడియోలో సన్నని ఈల వినవచ్చి, ఇంజను వేగముతోపాటు దాని శ్రుతియు పెరుగుచున్నచో నేరము మా ప్రసారముది కాకపోవచ్చును. ఎర్తు తీగ వదులైనను అట్టి ఈల పుట్టవచ్చును. ఒక డయోడు చెడి ప్రవాహము సమముగా రాకపోయినను పుట్టవచ్చును. రేడియో కట్టివేయుటకు ముందు ఒకమారు బానెట్టు ఎత్తి చూడుడు. క్రొత్త బ్యాటరీ కొనుటకు ముందు కూడ.