ఎక్స్‌రేకు అందని శోథ

సౌదీ అరేబియా నైరుతి మూలన, ఎర్రసముద్రపు ఒడ్డున ఉన్న జిజాన్‌ను వేసవి నెలల్లో దుమ్ముగాలులు కమ్ముతాయి. ఉపాధికై అక్కడికి వెళ్ళే తెలుగు కార్మికుడు బయలుదేరే ముందే వైద్య పరీక్షలో నెగ్గాలి. ఛాతీ ఎక్స్‌రేలో క్షయ వంటి జబ్బుల జాడ లేకుంటే అతడు ‘ఫిట్’. ఆ తర్వాత పీల్చే గాలి అతని ఆరోగ్యకరమైన శ్వాసనాళాలను ఏం చేస్తుందన్నది ఆ పరీక్షకు అందని విషయం.

వైద్యశాస్త్రం సైతం ఈ ప్రశ్నకు ఆలస్యంగానే చేరుకుంది. 1930లో బెల్జియంలోని మ్యూజ్ లోయలో విషపు పొగమంచు అరవై మందిని పొట్టనబెట్టుకుంది. 1952 డిసెంబరులో లండన్‌లో వేలమంది మరణించారు. మృతులలో వృద్ధులు, పసివారు, రోగులే ఎక్కువ కావడంతో, చెడుగాలి బలహీనులకే ప్రమాదమన్న భావన బలపడింది.

ఆరోగ్యవంతుల శ్వాసనాళాలలోకి సులువుగా తొంగిచూసే వీలు 1960ల చివర కలిగింది. జపాన్ వైద్యుడు షిగెతో ఇకెదా రూపొందించిన, వంగే బ్రాంకోస్కోపు అందుకు సాధనం. 1989లో అమెరికాలోని చాపెల్ హిల్ పరిశోధకులు 11 మంది ఆరోగ్యవంతులను రెండు గంటలు ఓజోన్ కలిసిన గాలిలో ఉంచారు. 18 గంటల తర్వాత ఊపిరితిత్తులను కడిగి తీసిన ద్రవంలో న్యూట్రోఫిల్ కణాల పాలు ఎనిమిది రెట్లు పెరిగింది. శోథకు, అంటే ఇన్‌ఫ్లమేషన్‌కు, అది స్పష్టమైన గుర్తు.

1999లో భారతీయ వైద్యుడు సందీప్ సాల్వి, స్వీడన్, బ్రిటన్ సహచరులతో కలిసి మరో ఫలితం ప్రకటించారు. 15 మంది ఆరోగ్యవంతులు వ్యాయామం చేస్తూ, ఆపుతూ గంటసేపు పలుచని డీజిల్ పొగ పీల్చారు. ఘనమీటరు గాలిలో కణాలు 300 మైక్రోగ్రాములు. ఆరు గంటల తర్వాత తీసిన శ్వాసనాళపు ముక్కలలో న్యూట్రోఫిల్‌లు, మాస్ట్ కణాలు, లింఫోసైట్‌లు పెరిగి ఉన్నాయి. ఊపిరి సామర్థ్యాన్ని కొలిచే పరీక్షలలో మాత్రం మార్పేమీ లేదు.

ఈ చరిత్రలో కీలకం ఇదే: కొలత మారకముందే కణజాలం స్పందిస్తుంది. న్యూట్రోఫిల్‌లు శరీరానికి కాపలాదారులే. అయితే అవి విడుదల చేసే ఎంజైములు సొంత కణజాలాన్నీ గాయపరచగలవు. గంటసేపటి శోథ తగ్గిపోవచ్చు, ప్రతిరోజూ రేగే శోథకు ఆ వ్యవధి దొరకదు.

ఎడారి దుమ్మూ డీజిల్ పొగా ఒకటి కావు. కానీ ఆరుబయట పనిచేసేవాడికి రెండూ ఎదురవుతాయి, శ్రమ వల్ల ఊపిరి వేగం పెరిగి మరింత గాలి లోపలికి పోతుంది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూక్ష్మకణాలకు 24 గంటల సగటు పరిమితిని 15 మైక్రోగ్రాములకు తగ్గించింది. ‘ఫిట్’ అన్న ముద్ర కార్మికుడి దేహానికి పడుతోంది. అతడు పనిచేయబోయే చోటి గాలికీ అలాంటి పరీక్ష ఉండాలి.