కుంకుడుకాయ మొదలు సబ్బుబిళ్ల వఱకు

పండుగనాటి తెల్లవారుజామున కుంకుడుకాయలు కొట్టి, వేడినీట నానవేసి, పిసికి నురుగు తీయు పెద్దలు మన యిండ్లలో నేటికిని కొందఱు గలరు. గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1వ తేదీన చెన్నరాజధానినుండి వేఱై ఒరిస్సాలో చేరినది. ఎల్లలు మాఱినను, ఛత్రపురము చెంతనున్న చమఖండివంటి ఊళ్లలోని తెలుగువారికి తలంటి మాత్రము మాఱలేదు.

సబ్బు అను మాట మనది కాదు. అది అరబ్బీవారి 'సాబూను'నకు చుట్టము. మనకు ఒడలికి నువ్వులనూనె, సున్నిపిండి. తలకు కుంకుడు, శీకాయ. చాకలి ఉబ్బకు చవుడు. కుంకుడుకాయలోని సాపోనిన్ అను పదార్థమే నురుగునకు కారణము. ఆ చెట్టునకు పాశ్చాత్యులు పెట్టిన 'సపిండస్' అను పేరునకు 'భారతదేశపు సబ్బు' అనియే అర్థము.

ఆలివ్ చెట్టు పండు దేశములలో వేఱొక విద్య పెరిగినది. పాలస్తీనాలోని నాబ్లుస్ పట్టణమున ఆలివ్ నూనె, నీరు, క్షారము అను మూడింటితోనే సబ్బు వండుదురు. పూర్వము చవుటినేలల మొక్కలను కాల్చిన బూడిదకు సున్నము కలిపి ఆ క్షారమును పొందెడివారు. సిరియాలోని అలెప్పోవారు లారెల్ కాయల నూనెను గూడ చేర్చుదురు. ఈ రెండు విద్యలను యునెస్కో 2024లో మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చినది. ఫ్రాన్సులో 1688 నాటి రాజశాసనము మార్సేయి సబ్బునకు ఆలివ్ నూనె తప్ప వేఱు కొవ్వు కూడదని విధించినది.

'సహజమైన సబ్బు' అనగా క్షారము లేనిదని పలువురు భ్రమపడుదురు. క్షారము లేనిదే సబ్బు లేదు. పాళ్లు సరిగా కుదిరి, కొన్ని వారములు ఆరినపిదప, ఆ క్షారము నూనెతో కలిసి సబ్బుగను గ్లిసరినుగను మాఱిపోవును.

బూడిదను సున్నముతో తీక్ష్ణము చేయు పద్ధతి మనవారును ఎఱుగుదురు. సుశ్రుతసంహితలో క్షారపాకవిధి కలదు. కాని అది వ్రణచికిత్సకు. చెట్టే నురుగు నిచ్చుచుండగా, నూనెను క్షారముతో వండు అవసరము మనకు కలుగలేదని నాకు తోచుచున్నది.

ఉప్పునుండి సోడా చేయు విధానమునకు ఫ్రాన్సులో లెబ్లాంక్ 1791లో హక్కు పొందెను. పిమ్మట సబ్బు చౌకయైనది. మన గంజాములోనే 1960 దశకమున, ఉప్పునీట విద్యుత్తును ప్రవహింపజేసి కాస్టిక్ సోడా తీయు కర్మాగారము వెలసినది.

పరిమళమునకును మన తీరమున కొదువ లేదు. దేశమందలి మొగలి అత్తరులో అధికభాగము ఈ జిల్లాదే. వేకువనే కోసిన మగపూవులను రాగి డేగిసాలలో నీటితో కాచి, ఆ ఆవిరిని చందనతైలమున పట్టుదురు.

ఇన్ని వస్తువులు మన ముంగిటనే యున్నవి. వాని తెలుగు పేర్లు మాత్రము జారిపోవుచున్నవి. మన పిల్లలు అంగడిలో 'రిఠా' అని అడుగుదురు, 'కుంకుడు' అనిన వింతగా చూతురు. 'కరంజ' తెలియును, కానుగ తెలియదు. 'మహుల' తెలియును, ఇప్ప తెలియదు. 'కియా' తెలియును, మొగలి తెలియదు. ఒరియా పేరు రావలసినదే. అది మనము నివసించు నేల భాష. దాని ప్రక్కన తెలుగుపేరును నిలుపుట మన పని. రానున్న భోగినాడు మనుమనికి తలంటునపుడు, కండ్లు మూసికొమ్మని చెప్పుచు, ఆ నురుగు పేరును గూడ చెప్పుడు.