వేటయే సాము

గరిడీలలో నేర్చిన సాము నిజమైన పోరున నిలుచునా యని పలువురు సంశయింతురు. తూర్పుకనుమల మన్యచరిత్రము దీనికి సమాధాన మొసగుచున్నది.

అరకు, పాడేరు కొండలలో చైత్రమున ఇటుకల పండుగ వచ్చును. పురుషులు విల్లమ్ములతో వేటకేగుదురు. వట్టిచేతులతో మరలినవారిపై స్త్రీలు పేడనీరు చల్లి పరిహసింతురు. చప్పుడుగాక నడచుట, గాలివాలు గుర్తించుట, అదనుకై వేచియుండుట - ఇవియే వారి సాము.

ఆ మన్యముననే 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు దళము చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై బడి తుపాకులు గైకొనెను. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో పొంచియుండి, ముందు నడచిన దేశీయభటులను పోనిచ్చి, స్కాట్ కవర్డ్, హైటర్ అను దొరలను కూల్చెను. ఆయుధము మాఱినను విద్య వేటగానిదే. డిసెంబరులో పెద్దగడ్డపాలెము వరిపొలములలో, మఱుగు లేనిచోట, ఆ విద్య అక్కరకు రాలేదు. కొందఱు వీరులు నేలకొరిగిరి.

ఏ సాధనయు తాను పెరిగిన నేలను విడిచి రక్షింపజాలదని మేము తలచెదము. బిడ్డలకు కఱ్ఱసాము నేర్పించు తలిదండ్రులు దీనిని యోచింపవలెను. పట్టులతోపాటు చోటెఱుగుటయు, నిలువరానిచోట తొలగుటయు నేర్పినగాని అది యాత్మరక్షణము కాదు. ఉత్సవములలోని వినోదమే యగును.