ఉత్త కాళ్ళతో మొదలైన పరుగు

తెల్లారి లేచింది మొదలు మనకీ పరుగే. పాలు పొంగుతాయని ఒకసారి, పిల్లల బస్సు వచ్చేసిందని మరోసారి. కాకపోతే మన పరుగుకి గడియారం పట్టుకుని నిలబడేవాళ్ళుండరు. ఇథియోపియా వాళ్ళ పరుగుకి మాత్రం 1960 నుంచీ ప్రపంచమంతా గడియారం పట్టుకునే ఉంది.

ఆ ఏడు సెప్టెంబరు 10న రోమ్‌లో ఒలింపిక్ మారథాన్. ఇరవై ఆరు మైళ్ళ పైచిలుకు దూరం. ఎండకి భయపడి సాయంత్రం మొదలుపెట్టారు. చీకటి పడ్డాక దారి పక్కన సైనికులు కాగడాలు పట్టుకు నిలబడ్డారు. ఆ వెలుగులో అందరికంటే ముందు వస్తున్న సన్నటి మనిషి కాళ్ళకి బూట్లు లేవు! పేరు అబెబె బికిలా. హైలే సెలాసీ చక్రవర్తి అంగరక్షక దళంలో సైనికుడు. బూట్లు సరిపడక, అలవాటైన ఉత్త కాళ్ళే నయమనుకున్నాడు.

దారిలో ఒక రాతి స్తంభం ఉంది. ఇథియోపియాలోని ఆక్సుమ్ నుంచి ముసోలినీ సేనలు ఎత్తుకొచ్చి రోమ్ నడిబొడ్డున నిలబెట్టిన స్తంభం. సరిగ్గా అక్కడే బికిలా వేగం పెంచి, తోడు వస్తున్నవాణ్ణి వెనక్కి నెట్టేశాడు. దొంగసొత్తు సాక్షిగా గెలుపన్నమాట! 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లు. అంతవరకూ ఎవరికీ చేతకాని వేగం. ఆ స్తంభం తిరిగి ఇల్లు చేరడానికి మాత్రం 2005 దాకా పట్టింది.

1964 టోక్యోకి వచ్చేసరికి ఆయనకి అపెండిక్స్ ఆపరేషనై అయిదు వారాలే. మనింట్లో అయితే మంచం దిగనిస్తామా? ఆయన మళ్ళీ గెలిచి, గీత దాటాక పచ్చికలో తీరిగ్గా కసరత్తు చేశాడు. 1969లో కారు ప్రమాదం ఆ కాళ్ళని కదలకుండా చేసింది. 1973లో, నలభై ఒక్క ఏటే, కన్నుమూశాడు.

తర్వాత మామో వోల్డే, మిరుట్స్ యిఫ్టర్ వచ్చారు. సరే, అంతా మగవాళ్ళేనా అంటారు కదూ? వస్తున్నా.

1992 బార్సిలోనా, ఆడవాళ్ళ పదివేల మీటర్లు. వర్ణవివక్ష కారణంగా ముప్ఫై రెండేళ్ళు వెలి అయిన దక్షిణాఫ్రికా అప్పుడే మళ్ళీ ఒలింపిక్స్‌లో అడుగుపెట్టింది. వాళ్ళ తెల్లమ్మాయి ఎలానా మేయర్ ముందు పరిగెడుతోంది. వెనకే నీడలా డెరార్టు తులు, ఇరవయ్యేళ్ళ ఇథియోపియా పిల్ల. చివరి చుట్టులో దాటేసింది. ఆఫ్రికా నల్లజాతి స్త్రీకి దక్కిన తొలి ఒలింపిక్ స్వర్ణం అది. గెలిచిన మనిషి వెళ్ళిపోకుండా ఆగింది. మేయర్ రాగానే కౌగిలించుకుంది. ఇద్దరూ చేయీ చేయీ పట్టుకుని మైదానం చుట్టారు. పతకం కంటే నాకు ఆ ఆగడమే గొప్పగా తోస్తుంది.

1998లో డెరార్టుకి పాప పుట్టింది. ఇంక ఆవిడ పని అయిపోయిందనుకున్నవాళ్ళకి 2000లో సిడ్నీలో మళ్ళీ స్వర్ణంతో జవాబు చెప్పింది. 2009లో, ముప్ఫై ఏడేళ్ళ వయసులో, న్యూయార్క్ మారథాన్ కూడా గెలుచుకుంది సుమా!

ఆవిడది బెకోజీ ప్రాంతం. తొమ్మిదివేల అడుగుల ఎత్తున ఉన్న చిన్న ఊరు. గాలి పల్చన, దమ్ము గట్టి. డెరార్టుకి దగ్గరి చుట్టమైన తిరునేష్ డిబాబాదీ ఆ చుట్టుపక్కలే. 2008 బీజింగ్‌లో అయిదువేలు, పదివేలు రెండు పందాలూ ఆ అమ్మాయివే. అంతకుముందే 2004లో అక్క ఎజెగయెహు రజతం తెచ్చింది. 2016లో చెల్లెలు గెంజెబె ఇంకో రజతం తెచ్చింది. ఒకే ఇంటి ఆడపిల్లలు! ఆ తల్లి ఈ పతకాలన్నీ ఏ అలమారలో సర్దిందో చూడాలని నాకు మహా కుతూహలం.