మందు కొట్టాక నల్లి ఎందుకు పెరుగుతుంది?

పచ్చదోమకో, తామర పురుగుకో మందు కొట్టిన చేలో కొన్నాళ్లకే నల్లి విరుచుకుపడడం రైతులకు తెలిసిన సంగతే. మందు వల్లే పెరిగిందని అనేయడం తేలిక, నిరూపించడం కష్టం. ఎండ, పొడి గాలి, దుమ్ము కూడా ఎర్రనల్లికి కలిసొస్తాయి. పైగా పురుగు ఉధృతంగా ఉన్న ఏడాదే మందులూ ఎక్కువ పడతాయి. రెండూ ఒకే చేలో కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదు. అయినా దశాబ్దాలుగా పోగుపడిన ఆధారాలను దగ్గర పెట్టుకుని చూస్తే, రైతు అనుమానానికి గట్టి పునాదే ఉందని నా అభిప్రాయం.

నల్లి కీటకం కాదు. ఎనిమిది కాళ్లతో సాలీడు వర్గానికి చెందిన జీవి. అందుకే కీటకాల కోసం తయారైన చాలా మందులు దాన్ని చంపలేవు. 30 డిగ్రీల వేడిలో ఎర్రనల్లి గుడ్డు దశ నుంచి ఎదిగి మళ్లీ గుడ్లు పెట్టడానికి పది రోజులు చాలు. ఒక్కో ఆడ నల్లి వందకు పైగా గుడ్లు పెట్టగలదు. ఈ వేగానికి పగ్గం వేసేవి పరభక్షి నల్లులు, స్టెథోరస్ అనే చిన్న నల్లటి అక్షింతల పురుగులు, నల్లిని తినే కొన్ని రకాల తామర పురుగులు. మందు వీటిని చంపి నల్లిని వదిలేస్తే ఏమవుతుందో ఊహించవచ్చు. కానీ ఊహ ఆధారం కాదు.

మొదటి ఆధారం ఆపిల్ తోటలది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు యూరప్, అమెరికా తోటల్లో నల్లిని పెద్దగా లెక్కచేసేవారు కాదు. డీడీటీ వచ్చాక అది ముఖ్యమైన చీడగా మారింది. ఇది కాలక్రమం మాత్రమే, కారణాన్ని చెప్పదు. ఇంతకంటే విలువైన సాక్ష్యం అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం నుంచి వచ్చింది. అక్కడి తోటల్లో ఒక పరభక్షి నల్లి ఆర్గానోఫాస్ఫేట్ మందులకు తట్టుకునే శక్తి సంపాదించుకుంది. దానికి హాని చేయని విధంగా మందులు ఎంచుకుని వాడితే ఆ పరభక్షే చీడ నల్లిని అదుపు చేస్తుందని స్టాన్లీ హోయ్ట్ 1969లో చూపించారు. కాపలాదారు బతికున్న చోట నల్లి తగ్గిందంటే, కాపలాదారు చావడం వల్ల నల్లి పెరుగుతుందన్న వాదానికి బలం వస్తుంది.

అయితే కథ అంతటితో ముగియదని న్యూయార్క్ సెంట్రల్ పార్క్ ఎల్మ్ చెట్లు తేల్చాయి. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన పరిశోధన ఇదే. ఆసియా నుంచి వచ్చిన పొడవు మీసాల పెంకుపురుగు 1996లో న్యూయార్క్‌లో బయటపడింది. దాన్ని నిర్మూలించడానికి చెట్లకు ఇమిడాక్లోప్రిడ్ అనే కీటకాల మందు ఇచ్చారు. పిచికారీ చేయలేదు, వేళ్ల ద్వారానో మానులోకి ఎక్కించో ఇచ్చారు. మందు గాలిలో చెదరదు కాబట్టి మిత్రపురుగులకు ముప్పు తక్కువని ఎవరైనా అనుకుంటారు. కానీ అంతవరకూ హాని చేయని ఒక నల్లి ఆ ఎల్మ్ చెట్ల మీద విపరీతంగా పెరిగింది. పరిశోధకులు రెండు చోట్ల మూడేళ్లపాటు చెట్ల కొమ్మల్లోని జీవులను లెక్కించి, 2011లో ఫలితాలు ప్రచురించారు. ప్రయోగశాలలో రెండు విషయాలు తేలాయి. మందు సోకిన నల్లిని తిన్న పరభక్షులకు విషం ఎక్కింది. నల్లి మాత్రం మామూలు కంటే ఎక్కువ గుడ్లు పెట్టింది. శత్రువు తగ్గడం, సంతానం పెరగడం రెండూ ఒకే దిశలో పనిచేశాయన్నమాట.

గుడ్లు ఎందుకు పెరిగాయి? మందు నేరుగా నల్లిని ప్రేరేపించి ఉండవచ్చు, మొక్కను మార్చి ఉండవచ్చు. పత్తి, మొక్కజొన్న, టమాటాలపై 2013లో వచ్చిన అధ్యయనం రెండో దారిని చూపింది. ఇమిడాక్లోప్రిడ్ చెందిన నియోనికోటినాయిడ్ వర్గం మందులు ఇచ్చిన మొక్కల్లో రక్షణకు పనికొచ్చే కొన్ని జన్యువుల పని మందగించింది, రక్షణ హార్మోన్ల మోతాదులు మారాయి, ఎర్రనల్లి ముందు మొక్కలు బలహీనపడ్డాయి. కానీ అన్ని ప్రయోగాలూ ఒకే మాట చెప్పలేదు. ఇమిడాక్లోప్రిడ్‌తో ఎర్రనల్లి గుడ్లు పెరిగాయని 2002లో అమెరికా పరిశోధకులు ప్రకటిస్తే, 2004లో వెలువడిన మరో పరిశోధనలో ఆ పెరుగుదల కనిపించలేదు. నల్లి జాతి, పంట, మోతాదు, మందు ఇచ్చే పద్ధతి మారితే ఫలితమూ మారుతుంది. "ఈ మందు నల్లిని పెంచుతుంది" అన్న వాక్యం పక్కన "ఏ పంటలో, ఏ నల్లిని" అని అడిగి తీరాలి.

మన మిరప చేలకు వద్దాం. మిరపలో ఆకుల్ని కిందికి ముడిచేది తెల్లనల్లి. ఇది ఎర్రనల్లి కుటుంబానికి చెందింది కాదు, కాబట్టి ఎల్మ్ చెట్ల ఫలితాన్ని దీనికి యథాతథంగా అంటించకూడదు. అయితే ఇక్కడ ఇంకో చిక్కుంది. మిల్లీమీటరులో అయిదో వంతు కూడా లేని ఈ జీవి మామూలు కంటికి ఆనదు. ముడతను చూసి తామర పురుగనో, వైరస్ అనో భావించి కీటకాల మందే మళ్లీ కొడితే నల్లి నిశ్చింతగా ఉంటుంది, దాన్ని తినేవి మాత్రం పోతాయి. పై ముడతా, కింది ముడతా అన్నది చూసుకున్నాక, పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దంతో లేత ఆకుల అడుగు పరిశీలించడం ఈ పొరపాటును చాలావరకు తప్పిస్తుంది. మందు ప్రభావం ఎంతో తేల్చాలంటే కొన్ని సాళ్లకు మందు కొట్టకుండా వదిలి, పిచికారీకి ముందు రోజు, వారం తర్వాత, రెండు వారాల తర్వాత, రెండు చోట్లా నల్లినీ పరభక్షులనూ విడివిడిగా లెక్కించాలి.