‘చను’ నుంచి ‘పోయొస్త’ దాకా

ఇంగ్లీషులో ‘వెండ్’ అనే పాత క్రియ ఉంది. మొదట మళ్ళడం, తరవాత వెళ్ళడం దాని అర్థాలు. ఇప్పుడది ఎవరి నోటా పెద్దగా వినబడదు. దాని భూతకాలం ‘వెంట్’ మాత్రం ‘గో’ పంచన చేరి దర్జాగా బతికేస్తోంది.

మన ‘చను’ కథ ఇంకా విచిత్రం. నన్నయనాటి నుంచీ కావ్యాల్లో రాజులు చనేవారు, ఏగేవారు, అరిగేవారు. వాటికే ‘తెంచు’ చేరిస్తే చనుదెంచు, ఏతెంచు, అరుదెంచు: పోయినవాడు తిరిగొచ్చేవాడు! ఇవాళ జనం నోట ‘చను’ మిగిలింది ‘చనిపోయాడు’లో మాత్రమే. ఇక ‘దయచేయండి’ సంగతి సరేసరి. రమ్మన్నారో పొమ్మన్నారో ముఖం చూసి తేల్చుకోవాలి.

ఇలాంటి క్రియల్ని నిఘంటువులు ఎలా పట్టుకున్నాయి? పైడిపాటి లక్ష్మణకవి ‘ఆంధ్రనామ సంగ్రహం’ పర్యాయపదాలను పద్యాల్లో కూర్చింది కానీ, పేరుకు తగ్గట్టు అందులో నామాలదే రాజ్యం. 1852లో లండన్‌లో రోజె ‘థెసారస్’ మాటల్ని భావాలవారీగా పేర్చింది. అదే ఏడు మద్రాసులో బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. వాడుక మాటకూ చోటిచ్చింది. 1885 నాటి ‘శబ్దరత్నాకరం’ మళ్ళీ కావ్యభాషకే పట్టం కట్టింది.

ఇంతమందిలో తెలుగు వినబడే చాందా వైపు చూసినవారేరీ? మహారాష్ట్రలోని నేటి చంద్రపూర్ అదే. గ్రియర్సన్ భాషా సర్వే 1906లో తెచ్చిన నాలుగో సంపుటం అక్కడి సాలెవారి తెలుగునూ కోమట్ల తెలుగునూ విడిగా నమోదు చేసింది. నాకు తెలిసి అంత శ్రద్ధ మనవాళ్ళెవరూ చూపలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి ‘మాండలిక వృత్తిపదకోశం’ తొలి సంపుటం 1962లో వెలువడింది. గొప్ప పనే, కానీ అది అప్పటి ఆంధ్రప్రదేశ్‌కే పరిమితం. ఒకప్పటి ఆదిలాబాదు తాలూకా రాజురా 1959లోనే చాందా జిల్లాలో కలిసిపోయింది కనుక దాని పరిధిలోకి రాలేదు.

కోస్తాలో ‘పో’ అంటే కసిరినట్టు. అక్కడ ‘వెళ్ళు’ అనాలి. చంద్రపూర్‌కు ఆనుకొని ఉన్న తెలంగాణ పల్లెల్లో ‘ఊరికి పోయిండు’ అంటే ఉత్త సమాచారం. గడప దాటే చుట్టం మాత్రం ‘పోత’ అనడు, ‘పోయొస్త’ అంటాడు. చైత్రంలో చంద్రపూర్ మహంకాళి జాతరకు ఈ పల్లెలవాళ్ళూ పోతారు.

పర్యాయపద నిఘంటువు వేసేవాళ్ళకు ఒక్క మనవి. ఈసారి పని సరిహద్దు దగ్గర ఆపకండి. బల్లార్షా, రాజురా, ఇప్పుడు గడ్చిరోలిలో ఉన్న సిరొంచ దాకా రండి. పెద్దవాళ్ళ మాట రికార్డు చేయండి. పిల్లలు మరాఠీ బడికి పోతున్నారు.